చిత్ర సంతెలో ధర చెప్పడం

(బెంగళూరులో జరిగిన తెలుగువారి సమావేశంలో ఒక చిత్రకారిణి చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

చిత్రకారులను తమ బొమ్మల గురించి మాట్లాడమంటే సంతోషంగా మాట్లాడతారు. ఆ బొమ్మల ధర గురించి మాట్లాడమంటే మాత్రం చాలామంది మాట దాటేస్తారు. ఈ సాయంత్రం నేను ఆ రెండో సంగతే మాట్లాడదలచుకున్నాను. బెంగళూరు కుమారకృపా రోడ్డు మీద ఏటా జరిగే చిత్ర సంతెలో నా బొమ్మలు నేనే అమ్ముకుంటూ వచ్చాను. ఆ అనుభవంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. బొమ్మ వేయడం ఎంత పనో, దానికి ధర నిర్ణయించడం, నిర్ణయించిన ధరను కొనేవారి ముఖం చూసి చెప్పడం కూడా అంతే పని. ఈ పనిని ఇతరులకు వదిలేసిన చిత్రకారుడు, కొన్నేళ్లు గడిచేసరికి, ఏ బొమ్మ వేయాలన్న నిర్ణయాన్ని కూడా వాళ్ల చేతుల్లోనే చూడవలసి వస్తుంది.

ఈ సంతెను నిర్వహించే కర్ణాటక చిత్రకళా పరిషత్తు 1960లో ఏర్పడింది. దాని స్థాపకుల్లో ముఖ్యులైన ఎం.ఎస్. నంజుండరావు గారు మైసూరు సంప్రదాయ చిత్రాలనూ తోలుబొమ్మలనూ సేకరించి భద్రపరచడానికి ఎంతో శ్రమపడ్డారు. ఆ సేకరణలను ఈనాటికీ పరిషత్తు ఆవరణలో చూడవచ్చు. రష్యాకు చెందిన చిత్రకారుడు స్వెతొస్లావ్ రోరిక్ చిత్రాలకూ అక్కడ ప్రత్యేకంగా ఒక గ్యాలరీ ఉంది. ఆయన భార్య, నటి దేవికారాణి 1908లో మన వాల్తేరులో పుట్టారన్న సంగతి ఈ సభలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ దంపతులు తమ చివరి దశాబ్దాలు బెంగళూరు శివార్లలోని తాతగుణి ఎస్టేటులో గడిపారు. సంతె మొదలై ఇరవై ఏళ్లు దాటింది. సాధారణంగా జనవరి మొదట్లో ఒక ఆదివారం నాడు కుమారకృపా రోడ్డు మీద వాహనాల రాకపోకలు ఆపేసి, దారికి ఇరువైపులా, పరిషత్తు ఆవరణలోనూ స్టాళ్లు వేస్తారు. దేశం నలుమూలల నుంచి వెయ్యిమందికి పైగా కళాకారులు వస్తారు. చూడవచ్చేవారి సంఖ్య లక్షల్లో ఉంటుంది. కరోనా కారణంగా 2021లో సంతెను ఆన్‌లైన్‌లోనే జరిపారు, 2022లో జనవరికి బదులు మార్చి నెలలో మళ్లీ రోడ్డు మీదికి తెచ్చారు. ఆన్‌లైన్‌లో జరిగిన ఏడాది నాకు బాగా లోటుగా తోచింది. తెర మీద బొమ్మ పక్కన ధర అచ్చయి ఉంటుంది, చూసినవారు నచ్చితే ఆగుతారు, నచ్చకపోతే వెళ్లిపోతారు, ఎందుకు వెళ్లిపోయారో మనకు ఎప్పటికీ తెలియదు.

రోడ్డు మీద అది తెలుస్తుంది. గ్యాలరీకీ సంతెకూ ఉన్న అసలు తేడా ఇదేనని నా నమ్మకం. గ్యాలరీలో బొమ్మ కింద చిన్న చీటీ మీద ధర ఉంటుంది, దాని గురించి మాట్లాడేది గ్యాలరీ మనిషి. అమ్మకం జరిగితే ధరలో మూడో వంతు, కొన్నిచోట్ల సగం దాకా వాళ్ల కమిషన్‌గా పోతుంది. అది అన్యాయమని నేను అనడం లేదు. చోటు చూపి, దీపాలు పెట్టి, కొనేవాళ్లను పిలిపించి, నెల రోజులు బొమ్మలు కాపాడే సంస్థకు ఖర్చు ఉంటుంది. అయితే ఆ ఏర్పాటులో చిత్రకారుడు తన ధరను తన నోటితో చెప్పవలసిన అవసరమే రాదు. సంతెలో మధ్యవర్తి లేడు. వంద రూపాయల చిన్న బొమ్మ నుంచి లక్షల రూపాయల కాన్వాసు దాకా అన్నీ ఒకే రోడ్డు మీద ఉంటాయి. మీ స్టాలు ముందు నిలబడిన మనిషి పక్క స్టాలులో అయిదు వందలకు ఒక బొమ్మ చూసి వచ్చి, మీ బొమ్మ పదివేలు ఎందుకని అడుగుతారు. ఆ ప్రశ్నలో అవమానమేమీ లేదు. న్యాయమైన ప్రశ్న అది, దానికి జవాబు మన దగ్గర ఉండాలి.

నా జవాబు ఎలా తయారైందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ లెక్కను చిత్రకారులు ఒకరికొకరు చెప్పుకోరు. నేను వేసేవి ఎక్కువగా నీటిరంగు చిత్రాలు. హిందూపురం, లేపాక్షి, పెనుకొండ ప్రాంతాల రాతిగుట్టలు, వాటి మధ్య చింతచెట్లు, వర్షం పడి వెలిసిన తర్వాత బండల మీద మిగిలే నీళ్లు నా వస్తువులు. నీటిరంగు కాగితం పూర్తి షీటు 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉంటుంది, అంటే 660 చదరపు అంగుళాలు. సగం షీటు 330, పావు షీటు 165. చదరపు అంగుళానికి ముప్పై రూపాయలు అనుకుంటే పావు షీటు బొమ్మ 4,950 రూపాయలు, సగం షీటు 9,900, పూర్తి షీటు 19,800 అవుతుంది. ఫ్రేము, మౌంటు (బొమ్మ చుట్టూ అంచుగా పెట్టే అట్ట), అద్దం ఖర్చు దీనికి వేరు. పూర్తి షీటుకు వచ్చేసరికి ఈ రేటును కొంత తగ్గించి పెట్టేవారు ఉన్నారు, పెద్ద బొమ్మలో ఆకాశం ఎక్కువ, పని తక్కువ అన్నది వారి వాదన. ఆ వాదన నాకు ఒప్పుదల కాదు. నీటిరంగుల్లో పెద్ద ఆకాశాన్ని మచ్చ లేకుండా, అంచు ఆరిపోకముందే ఒక్క ఊపున వేయడం, చిన్న బండను నింపాదిగా వేయడం కంటే చాలా కష్టం. చెడితే షీటంతా పోతుంది.

ఆ ముప్పై రూపాయల్లో ఏమేమి ఉన్నాయని మీరు అడగవచ్చు. నూరు శాతం నూలుతో చేసిన, చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే కాగితం ఉంది. రంగులున్నాయి. కాడ్మియం ఎరుపు, కోబాల్టు నీలం వంటివి ఖరీదైనవి, మట్టి నుంచి వచ్చే కావి, పసుపు, గోధుమ రంగులు చౌక. నా గుట్టలకు మట్టి రంగులే ఎక్కువ కావాలి. ఇక్కడ ఒక మాట చెప్పాలని ఉంది. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దంలో విజయనగర చిత్రకారులు వేసిన బొమ్మల్లో ప్రధానంగా కనిపించేవి కావి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు వంటి సాదా రంగులే. ఆ ఎరుపు అంచు చీరలనూ, ఆ కొప్పులనూ, పక్కకు తిరిగిన ఆ ముఖాలనూ చూసినవారెవరూ రంగు ఖరీదును బట్టి బొమ్మ విలువ కట్టలేరు. కాబట్టి ముప్పై రూపాయల్లో సామాన్ల వాటా చిన్నదే. పెద్ద వాటా పనికిరాక పక్కన పెట్టిన కాగితాలది. ఒక మంచి బొమ్మ వెనుక చెడిన బొమ్మలు ఉంటాయి, వాటిని ఎవరూ కొనరు, వాటి ఖర్చును మంచి బొమ్మే మోయాలి. ఆ తర్వాత నా రోజులు, ఆ గుట్టల దాకా ప్రయాణం, ఇంతకాలం నేర్చుకున్న చెయ్యి. ఈ చివరి దానికి లెక్క కుదరదు కాబట్టే, అందరి ధరలూ ఒకటి కావు. నా అంత పరిమాణంలో వేసి నాకంటే రెండింతలు అడిగే వారినీ, సగమే అడిగే వారినీ నేను గౌరవిస్తాను. అయితే ఇద్దరూ తమ లెక్క తామే చేసుకుని ఉండాలి.

ధర అంకెగా నిర్ణయమైన తర్వాత కష్టమైన పని మొదలవుతుంది, అది చెప్పడం. మన తెలుగువాళ్లకు బేరమాడడం కొత్త కాదు. బేరంలో ఒక ఆత్మీయత కూడా ఉంది, కూరగాయల బజారులో బేరం ఆడకుండా కొంటే అమ్మే అవ్వకే చిన్నబోయినట్టు ఉంటుంది. సంతె రోజు పొద్దున్నే వచ్చి, "బోణీ బేరం మేడమ్, మంచి చెయ్యి నాది, ఒక ధర చెప్పండి" అనేవారు ఉంటారు. సాయంత్రం అయిదు దాటాక, ఇక బొమ్మలు వెనక్కి మోసుకుపోవాలి కదా, ఇప్పుడు తగ్గిస్తారేమో అని మళ్లీ తిరిగి వచ్చేవారు ఉంటారు. నేను బోణీకీ తగ్గించను, సాయంత్రానికీ తగ్గించను. దీన్ని మొండితనం అనుకోవద్దని మనవి. పొద్దున ఎనిమిదిన్నరకు నా మాట నమ్మి 9,900 ఇచ్చి సగం షీటు బొమ్మ పట్టుకెళ్లిన మనిషి ఉన్నారు. అదే పరిమాణం, అదే చేతి బొమ్మను సాయంత్రం ఆరువేలకు ఇస్తే, ఆ మనిషి నమ్మకానికి నేనే పన్ను వేసినట్టు. వారికి ఆ సంగతి తెలియకపోవచ్చు. నాకు తెలుస్తుంది, ఆ మరుసటి సంవత్సరం ధర చెప్పేటప్పుడు నా గొంతులో అది వినిపిస్తుంది.

ఒక ఏడాది ఒక యువకుడు భార్యతోనూ చిన్న పాపతోనూ వచ్చి ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. "అక్కా, ఇది మా పెనుకొండ గుట్ట కదా? కాలేజీకి పోయేటప్పుడు బస్సులోంచి దినామూ చూస్తా ఉంటి" అన్నారు. అవునన్నాను. "ఎంతక్కా ఇది?" అని అడిగారు. ఫ్రేము లేకుండా తొమ్మిది వేల తొమ్మిది వందలని చెప్పాను. "మనూరోళ్లకు ఏమన్నా తగ్గించరా?" అన్నారు. "మనూరివాళ్లకు చెప్పవలసిన ధరే అందరికీ చెబుతున్నాను సార్, రెండో ధర నా దగ్గర లేదు" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. ఎన్ని రోజులు పట్టిందని అడిగారు, ఎక్కడ కూర్చుని వేశారని అడిగారు, ఎండలో రంగు ఆరిపోదా అని ఆయన భార్య అడిగారు. పావుగంట మాట్లాడుకున్నాం. చివరికి అదే గుట్టను ఇంకో వైపు నుంచి వేసిన పావు షీటు బొమ్మను పూర్తి ధరకు తీసుకున్నారు. నేను మొదటే రెండు వేలు తగ్గించి ఉంటే ఆ పావుగంట మాట జరిగేది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. తగ్గింపు దొరికితే సంభాషణ అంకెల దగ్గరే ముగుస్తుంది. తగ్గింపు దొరకనప్పుడు మనిషి బొమ్మ వైపు తిరిగి, ఇందులో అంత ఏముందని చూడటం మొదలుపెడతాడు. అలా చూసి, వద్దనుకుని వెళ్లిపోయిన వారూ ఉన్నారు. అదీ సరైన నిర్ణయమే.

అయితే డబ్బు తక్కువ ఉన్నవారిని ఏం చేయాలి? దీనికి నా మార్గం వేరుగా ఉంది. ఆ గుట్టల దగ్గర కూర్చుని అరగంటలో, గంటలో వేసుకునే చిన్న చిత్రాలను, అంటే పోస్టుకార్డు కంటే కొంచెం పెద్దవాటిని, ఒక పెట్టెలో విడిగా పెడతాను. అవి కూడా నా చేతి పనే, అదే కాగితం, అదే రంగులు, అదే రేటు, పరిమాణం మాత్రం చిన్నది. విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు వాటి దగ్గర చాలాసేపు ఉంటారు. పెద్ద బొమ్మ ధర తగ్గించడం కంటే చిన్న బొమ్మ వేసి పూర్తి ధరకు ఇవ్వడంలోనే ఇద్దరికీ గౌరవం ఉందని నా అభిప్రాయం.

డబ్బు చేతులు మారే తీరు కూడా ఈ ఏళ్లలో మారింది. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాక వచ్చిన సంతె చేదు జ్ఞాపకమే, బొమ్మ నచ్చి, ధర ఒప్పుకుని కూడా చేతిలో రెండు వేల నోటు తప్ప చిల్లర లేక వెనుదిరిగిన వారు ఉన్నారు. ఇప్పుడు స్టాలు మూలన క్యూఆర్ కోడు అట్ట వేలాడదీస్తే సరిపోతుంది. జనం కిక్కిరిసినప్పుడు నెట్‌వర్కు మందగిస్తుంది కాబట్టి కొంత చిల్లర మాత్రం ఇంకా దగ్గర ఉంచుకుంటాను.

ఇక కొనేవారి కోరికల సంగతి. సోఫా రంగుకు కలిసే బొమ్మ అడుగుతారు. తూర్పు గోడకు ఏడు గుర్రాల బొమ్మ ఉందా అని అడుగుతారు. జలపాతం ఇంట్లో ఏ మూల పెట్టాలని అడుగుతారు. చిత్రకారుల్లో కొందరు ఈ ప్రశ్నలను చిన్నచూపు చూస్తారు, నేను ఆ పక్షం కాదు. ఆ మనిషి ఆ బొమ్మతో పదేళ్లో ఇరవై ఏళ్లో ఒకే గదిలో ఉండబోతున్నారు. ఆ గదిలో ఏది ఇముడుతుందో చెప్పే హక్కు వారికి ఉంది. గుర్రాలు నేను వేయను, వేసేవారి స్టాలు ఎటు ఉందో తెలిస్తే దారి చెబుతాను. అసలు ప్రమాదం ఆ కోరికలో లేదు, అమ్ముడుపోయిన తర్వాత నాలో పుట్టే కోరికలో ఉంది.

ఇది చాలా ముఖ్యమైన సంగతి కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఒకసారి బూడిదరంగు బండల మధ్య గులాబీ రంగు టబెబూయా చెట్టు పూసినట్టు ఒక బొమ్మ వేశాను. బెంగళూరు వీధుల్లో చలికాలంలో ఆ చెట్లు ఎలా పూస్తాయో మీకు తెలుసు. సంతె మొదలైన గంటలోపే అది అమ్ముడుపోయింది. ఆ తర్వాత సాయంత్రం దాకా దాని ఫోటో చూపించి అలాంటిదే కావాలని అడిగినవారు వస్తూనే ఉన్నారు. హోటళ్ల గదులు అలంకరించే ఒకాయన అలాంటివి ఒకేసారి పెద్ద సంఖ్యలో కావాలని, ముందుగానే డబ్బు ఇస్తానని చెప్పారు. నేను ఒప్పుకోలేదు. ఆ డబ్బు అవసరం లేక కాదు. రెండో బొమ్మను నేను చెట్టును చూసి వేయను, మొదటి బొమ్మను చూసి వేస్తాను. మూడోదాన్ని రెండోదాన్ని చూసి వేస్తాను. గులాబీ రంగు ప్రతిసారీ కొంచెం చిక్కబడుతుంది, బండలు ప్రతిసారీ కొంచెం మెత్తబడతాయి, ఎందుకంటే జనానికి నచ్చింది గులాబీ రంగేనని నాకు తెలుసు. అప్పటికి బొమ్మ వేస్తున్నది నేను కాదు, గత సంవత్సరపు అమ్మకం.

దీనికి ఎదురు ఉదాహరణగా రుమాలె చెన్నబసవయ్య గారిని చూపిస్తారు. స్వాతంత్ర్య సమరయోధుడు, ఈ నగరపు పూల చెట్లను ఏళ్ల తరబడి వేసిన చిత్రకారుడు. ఆయన కూడా ఆ చెట్లనే మళ్లీ మళ్లీ వేశారు కదా అంటారు. వేశారు. కానీ ఆయన ఆరుబయట, చెట్టు ఎదుట నిలబడి వేశారు, ఆ రోజు వెలుతురుకు జవాబుగా వేశారు. ఒకే చెట్టును నూరుసార్లు చూడటం వేరు, ఒకే బొమ్మను నూరుసార్లు దించడం వేరు. గులాబీ టబెబూయా మళ్లీ వేశాను నేనూ, వేరే చలికాలంలో, కబ్బన్ పార్కులో కూర్చుని. ఆ బొమ్మలో చెట్టు చిన్నది, నీడ పెద్దది. అది అమ్ముడుపోవడానికి రెండు సంతెలు పట్టింది.

ఇంత గట్టిగా మాట్లాడాక, నా వాదనకు లొంగని ఒక ఉదాహరణను కూడా మీ ముందు పెట్టడం ధర్మం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారులు మేకతోలును శుభ్రపరచి, పలచన చేసి, వెలుతురు దాటిపోయేలా రంగులు వేసి, ఉలితో సన్నని రంధ్రాలు కొట్టి రామాయణ భారత పాత్రలు చేసేవారు. ఊళ్లలో రాత్రంతా ఆట చూసేవారు తగ్గిపోయాక, అదే తోలు మీద అదే పనితనంతో దీపాల గొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ ఏం చేయాలో బజారే చెప్పింది, ఆ బజారే చేతులను బతికించింది. వంశపారంపర్యంగా ఒకే రూపాన్ని తీర్చిదిద్దే సంప్రదాయంలో మళ్లీ చేయడం లోపం కాదు, అదే శిక్షణ. మైసూరు, తంజావూరు, మధుబని చిత్రకారులు సంతెలో నా పక్కన కూర్చున్నప్పుడు వారి పనిని నా కొలతతో కొలవను. నేను చెప్పే నియమం, చూసి వేస్తానని మాట ఇచ్చి కూర్చున్న నాబోటి వారికి.

చట్టం గురించి రెండు మూడు సంగతులు, ఎందుకంటే సంతెలో కూర్చునే చాలామందికి ఇవి తెలియవు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, మీరు మీ ఇష్టంతో వేసుకున్న బొమ్మను అమ్మినప్పుడు కొనేవారికి దక్కేది ఆ బొమ్మ. దాన్ని అచ్చువేసి క్యాలెండర్లుగా, కప్పుల మీద బొమ్మలుగా అమ్ముకునే హక్కు, మీరు రాసి ఇస్తే తప్ప, వారికి వెళ్లదు. కానీ ఎవరైనా డబ్బిచ్చి, మా అమ్మ బొమ్మ వేసిపెట్టండి అని పురమాయించి వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ కాపీరైటు మొదటి నుంచీ పురమాయించినవారిదే అవుతుంది. చట్టంలో 17వ సెక్షను ఆ మాట స్పష్టంగా చెబుతుంది. సంతెలో చిరునామా తీసుకుని వెళ్లి తర్వాత పనులు ఇచ్చేవారు చాలామంది ఉంటారు, వారితో ఒక కాగితం రాసుకోవడం ఇద్దరికీ మంచిది. 57వ సెక్షను ఇంకో రక్షణ ఇస్తుంది, బొమ్మ చేతులు మారినా దాని మీద సృష్టికర్తగా మన పేరు ఉండే హక్కు, మన ప్రతిష్ఠకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడిగే హక్కు మనదే. ఢిల్లీ విజ్ఞాన భవన్‌లోని తన కుడ్యశిల్పాన్ని తొలగించి పాడుచేశారని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ వేసిన వ్యాజ్యంలో 2005లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షను ఆధారంగానే ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 53ఎ సెక్షను ప్రకారం, పదివేల రూపాయలకు మించి మళ్లీ అమ్ముడుపోయిన మూల చిత్రంపై, పది శాతం మించకుండా, చిత్రకారుడికి వాటా అడిగే హక్కు కూడా ఉంది. దీన్ని అడిగినవారు నాకు తెలిసినవారిలో లేరు. అడగాలంటే ఆ బొమ్మ మనదేనని, ఏ సంవత్సరంలో ఎవరికి ఎంతకు అమ్మామని చూపించగలగాలి.

అందుకే ప్రతి బొమ్మ వెనుక పెన్సిలుతో పేరు, శీర్షిక, సంవత్సరం, కాగితం రకం, వాడిన రంగులు రాస్తాను. రెండు ప్రతుల రసీదు పుస్తకం పెట్టుకుంటాను. రసీదు మీద మూలచిత్రం అని రాస్తాను. మెషీను ప్రింటు మీద పైపైన నాలుగు కుంచె గీతలు గీసి చేతిబొమ్మగా అమ్మేవారు ప్రతి పెద్ద బజారులోనూ ఉంటారు కనుక, కొనేవారికి ఆ రాతపూర్వకమైన హామీ ఇవ్వడం మన బాధ్యత. ప్రింటు అమ్మడం తప్పు కాదు, ప్రింటని చెప్పి, ఎన్ని ప్రతులు తీశామో చెప్పి అమ్మాలి.

కొన్నవారికి బొమ్మను ఎలా కాపాడుకోవాలో చెప్పడం కూడా ధరలో భాగమేనని భావిస్తాను. నీటిరంగులకు ఎండ శత్రువు. సంగ్రహాలయాల్లో వాటి మీద వెలుతురును 50 లక్సుల (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) దగ్గర ఆపుతారు. ఇళ్లలో అంత సాధ్యం కాదు కానీ, కిటికీకి ఎదురు గోడ మీద పెట్టవద్దని, వర్షాకాలంలో చెమ్మ దిగే బయటి గోడకు ఆనించవద్దని, అద్దానికీ కాగితానికీ మధ్య మౌంటు మందం ఖాళీ ఉండాలని, ఆ మౌంటు ఆమ్లం లేని అట్టతో చేసినదై ఉండాలని చెబుతాను. అలిజరిన్ క్రిమ్సన్ అనే అందమైన ఎరుపు వెలుతురుకు వెలిసిపోతుంది కనుక నేను దాన్ని వాడను, దాని బదులు క్వినాక్రిడోన్ ఎరుపులు వాడతాను, ఆ సంగతీ చెబుతాను. ఆక్రిలిక్ కాన్వాసు చుట్టి పంపే మిత్రులు రంగు వైపు బయటికి ఉండేలా, మధ్యలో అంటుకోని కాగితం పెట్టి చుట్టాలి. వేడికి ఆక్రిలిక్ పొర మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటుంది. సంతెలో కూడా స్టాలు మీద ఎండ ఏ గంటకు ఎటు నుంచి పడుతుందో పొద్దున్నే చూసుకుని, పావు షీట్లను అటు ఇటు మార్చుకుంటూ ఉండాలి.

సంతె ఒక్క రోజుతో ముగిసినా అమ్మకం ముగియదు. ఆ రోజు కార్డు తీసుకుని వెళ్లినవారిలో కొందరు రెండు మూడు వారాల తర్వాత ఫోను చేస్తారు, ఇంట్లో గోడ కొలిచి, అందరితో మాట్లాడి, నిర్ణయించుకుని చేస్తారు. ఇంటికి వచ్చి కొంటున్నాం కదా, స్టాలు ఖర్చు లేదు కదా, తగ్గించండి అని అడుగుతారు. సంతెలో చెప్పిన ధరే ఇంట్లోనూ చెబుతాను. ధర పెంచవలసి వచ్చినప్పుడు, రేటు ఎంత పెంచుతున్నానో ఇదివరకు నా దగ్గర కొన్నవారికి సంతెకు నెల ముందే రాస్తాను. అమ్ముడుపోకుండా మిగిలిన పాత బొమ్మలకూ కొత్త రేటే వర్తిస్తుంది, పాతబడిందని వాటికి తక్కువ ధర కట్టను, ఎందుకంటే మిగిలిపోవడం బొమ్మ లోపం కానక్కరలేదు. ఆ చిన్న టబెబూయా బొమ్మను చివరికి కొన్నావిడ మొదటి సంవత్సరం కూడా దాన్ని చూసి వెళ్లారట.

ఈ ఏడాది దరఖాస్తు పెట్టాలనుకునే యువ చిత్రకారులు ఈ సభలో ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. నా ధరల పట్టిక ప్రతులు ఆ బల్ల మీద పెట్టాను. చదరపు అంగుళం రేటు, ఫ్రేము ఖర్చు, ప్యాకింగు ఖర్చు విడివిడిగా చూపాను, నేను వాడే రసీదు నమూనా, పురమాయింపు పనులకు రాసుకునే ఒప్పంద పత్రం కూడా జతచేశాను. మీ మీ లెక్కలు వేసుకుని చూడండి. ఎక్కడైనా నా లెక్క సరిగా లేదనిపిస్తే, దాని గురించే మొదట మాట్లాడుకుందాం.